విశ్వవిద్యాలయ ప్రాంగణంలో అతిథి రచయితల రచనా పఠనం: తరచుగా అడిగే ప్రశ్నలు

విశ్వవిద్యాలయంలో రచనా పఠన సభలు నిర్వహించే పనిలో ఉన్నవాళ్ళకు ఏటా కొత్త ముఖాలు ఎదురవుతాయి గానీ, సందేహాలు మాత్రం పాతవే. సభ పెట్టదలచిన విద్యార్థులు, మొదటిసారి వినడానికి వస్తున్నవారు, చదవడానికి ఒప్పుకున్న రచయితలు అడిగేవాటిని ఇక్కడ ఒకచోట చేర్చాను. దశలవారీగా విడదీశాను కాబట్టి ఎవరికి కావలసిన ప్రశ్న దగ్గరికి వారు నేరుగా వెళ్ళవచ్చు. ప్రతి జవాబునూ విడిగా చదివినా అర్థమయ్యేలా రాశాను.

## ఆహ్వానించే ముందు

రచనా పఠనానికీ ఉపన్యాసానికీ తేడా ఏమిటి?

ఉపన్యాసంలో రచయిత సాహిత్యం గురించి మాట్లాడతారు. పఠనంలో సాహిత్యాన్నే వినిపిస్తారు. తాము రాసిన కవితలను, కథను, నవలలోని ఒక భాగాన్ని రచయిత స్వయంగా, రాసినది రాసినట్టుగా, సభలో బిగ్గరగా చదవడమే ఈ కార్యక్రమానికి కేంద్రం. ముందు జరిగే పరిచయం, తరవాత జరిగే ముఖాముఖి, పుస్తకాల అమ్మకం అన్నీ దాని చుట్టూ అమర్చుకునేవే. ఈ తేడా మొదటే స్పష్టంగా లేకపోతే చిక్కు వస్తుంది. "మా విభాగంలో ఒక గంట మాట్లాడండి" అని పిలిచి, వచ్చాక "కాసేపు చదవండి" అంటే, రచయిత చేతిలో పుస్తకం ఉండదు, ఏ పేజీ చదవాలో ఆలోచించుకుని ఉండరు. అప్పుడు జరిగేది రెండింటిలో ఏదీ కాదు.

పుస్తకం నేనే చదువుకోగలను కదా, రచయిత నోట వినడం దేనికి?

కంటితో చదివేటప్పుడు మనం మన వేగంతో పోతాం. బరువైన వాక్యం దగ్గర ఆగకుండా దాటేస్తాం, సంభాషణలను ఊహించిన గొంతుతో నింపుకుంటాం. రచయిత చదివినప్పుడు వాక్యం ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో, ఏ మాట మీద ఒత్తు పడుతుందో, వ్యంగ్యం అనుకున్నది నిజానికి దుఃఖమో కాదో వినబడుతుంది. వచన కవిత్వంలోనైతే పాదం విరిచిన చోట ఆగాలా, కలిపి చదవాలా అన్నది కాగితం మీద తేలని ప్రశ్న. కవి గొంతులో అది ఒక విధంగా తేలుతుంది. అలాగని రచయిత చదివిన తీరే ఏకైక సరైన తీరు అని ఒప్పుకోనక్కరలేదు. కొందరు గొప్ప రచయితలు తమ రచనను చాలా పేలవంగా చదువుతారు. అయినా ఆ చదువులో, తమ వాక్యాన్ని తామే మరోసారి కొలుచుకుంటున్న మనిషి కనబడతారు. సాహిత్యం చదివే విద్యార్థికి అది తరగతి గదిలో దొరకదు.

రచయితకు ఎంత ముందుగా ఉత్తరం రాయాలి? అందులో ఏమేం ఉండాలి?

కనీసం మూడు నెలల ముందు రాయడం మర్యాద. దూరం నుంచి రావలసినవారికైతే ఆరు నెలలు. ఉత్తరం మొదటి పేరాలోనే తేదీ, సభ వ్యవధి, ఎంతసేపు చదవాలి, ఎంతమంది వస్తారని అంచనా, పారితోషికం ఎంత, ప్రయాణం, బస ఎవరి బాధ్యత అన్నవి ఉండాలి. రచయితకు అడగడానికి మొహమాటంగా ఉండే విషయాలను మనమే ముందుగా చెప్పడం ఈ ఉత్తరం అసలు పని. రెండో పేరాలో వారి ఏ రచన చదివి పిలుస్తున్నారో నిజాయితీగా రాయండి. పేరు మాత్రమే మార్చి పదిమందికి పంపిన ఆహ్వానాన్ని ఏ రచయితైనా మొదటి వాక్యంలోనే పసిగడతారు.

సభను రికార్డు చేయాలనుకుంటే ఆ సంగతి కూడా ఈ ఉత్తరంలోనే చెప్పాలి. వేదిక ఎక్కబోతుండగా అనుమతి పత్రం ముందు పెట్టడం ఒత్తిడి చేయడమే అవుతుంది.

పారితోషికం తప్పనిసరా? "మా పిల్లలకోసం వస్తారు" అనుకోవచ్చా?

ఇవ్వాలి. చదవడం కూడా పనే. ఒక గంట సభ కోసం రచయిత భాగాలు ఎంచుకుని, సాధన చేసి, ప్రయాణం చేసి, ఒకటి రెండు రోజుల రాతను వదులుకుంటారు. నిధులు నిజంగానే లేకపోతే ఆ మాట మొదటి ఉత్తరంలోనే సూటిగా రాసి, కనీసం ప్రయాణ ఖర్చులు సభ రోజుకల్లా చేతికి అందేలా చూడండి. ఖర్చు రసీదులు తీసుకుని నెలల తరబడి కార్యాలయాల చుట్టూ తిప్పడం కంటే, తక్కువ మొత్తమైనా వెంటనే ఇవ్వడం గౌరవం.

పెద్ద ప్రేక్షకశాల తీసుకుంటే బాగుంటుందా, చిన్న గది చాలా?

చిన్న గదినే ఎంచుకోండి. అరవైమంది పట్టే గదిలో యాభైమంది కూర్చుంటే సభ నిండుగా ఉంటుంది. అదే యాభైమంది నాలుగు వందల కుర్చీల శాలలో చెల్లాచెదురుగా కూర్చుంటే, రచయిత ఖాళీ కుర్చీలకు చదువుతున్నట్టు ఉంటుంది. ఉచిత సభలకు పేరు నమోదు చేసుకున్నవాళ్ళందరూ రారన్నది కూడా లెక్కలో ఉంచుకోవాలి.

గది ఎంచుకునే ముందు, సభ జరిగే వేళకే ఒకసారి వెళ్ళి తలుపులు మూసి రెండు నిమిషాలు మౌనంగా కూర్చోండి. ప్రొజెక్టరు ఫ్యాను రొద, పక్క గదిలో కుర్చీలు జరిపే చప్పుడు, వరండాలో తరగతి విడిచిన విద్యార్థుల మాటలు అప్పుడే వినబడతాయి. ఖాళీ సమయంలో వెళ్ళి చూస్తే ఇవేవీ తెలియవు.

రచయిత ఎంపికలో విద్యార్థులకు మాట ఉండాలా?

తప్పకుండా ఉండాలి. అధ్యాపకులు మాత్రమే ఎంచుకుంటే పాఠ్యప్రణాళికలో ఉన్న పేర్లే తిరిగి వస్తుంటాయి. ఏడాదికి నాలుగు సభలు జరిగితే కనీసం ఒకటి పూర్తిగా విద్యార్థుల ఎంపికకు వదిలిపెట్టడం మంచిది.

## సభకు సిద్ధమయ్యేటప్పుడు

ఎంతసేపు చదివితే సరిపోతుంది?

ఒక్కరే చదివే సభలో ముప్పై నుంచి నలభై నిమిషాల పఠనం, ఇరవై నిమిషాల ముఖాముఖి చాలు. ఇద్దరు చదివేటట్లయితే ఒక్కొక్కరికి ఇరవై నిమిషాలు. చెవితో వినేవాడికి వెనక్కి తిప్పి చూసుకునే పేజీ లేదు. ఒక వాక్యం జారిపోతే జారిపోయినట్టే. అందువల్ల వినేవాళ్ళ ఏకాగ్రత చదివేవాళ్ళ ఏకాగ్రత కంటే ముందే అలసిపోతుంది.

ఈ సంగతి చాలా కాలంగా తెలిసినదే. 1853 డిసెంబరు 27న బర్మింగ్‌హామ్ టౌన్ హాల్‌లో ఆంగ్ల నవలాకారుడు చార్లెస్ డికెన్స్ తన క్రిస్మస్ కథను మొదటిసారి బహిరంగంగా చదివినప్పుడు దాదాపు మూడు గంటలు పట్టింది. తరవాతి సంవత్సరాల్లో ఆయన అదే కథను కొట్టివేతలతో కుదించుకుంటూ సుమారు గంటన్నరకు తెచ్చారు. సభల్లో వాడిన పుస్తక ప్రతి అంచుల్లో గొంతు ఎలా మార్చాలో తనకు తానే సూచనలు రాసుకున్నారు. తన పుస్తకాన్ని తానే కత్తిరించడానికి అంతటి ప్రసిద్ధ రచయిత వెనుకాడలేదు కాబట్టి, మన అతిథి రచయితను "కొంచెం తగ్గించి చదవగలరా" అని అడగడం అవమానమేమీ కాదు.

నేను చదవబోయే రచయితను. నవలలోంచి ఏ భాగం ఎంచుకోవాలి?

మొదటి అధ్యాయం చాలాసార్లు మంచి ఎంపికే, ఎందుకంటే దానికి ముందుకథ చెప్పనక్కరలేదు. మధ్యలోంచి చదవాలనుకుంటే, రెండే రెండు వాక్యాల్లో సందర్భం చెప్పగలిగిన భాగాన్ని తీసుకోండి. "ఈవిడ అతని రెండో పెదనాన్న కూతురు, అంతకుముందు ఏమైందంటే" అని అయిదు నిమిషాలు వివరించాల్సి వస్తే ఆ భాగం సభకు పనికిరాదు. ఇద్దరు ముగ్గురి కంటే ఎక్కువ పాత్రలు మాట్లాడే సన్నివేశాలను వదిలేయండి, ఎవరు ఏది అన్నారో చెవికి తెలియదు. ముగింపును బయటపెట్టే పేజీలు చదవకండి.

ఎంచుకున్నాక గడియారం పెట్టుకుని, నిలబడి, సభలో చదివినంత బిగ్గరగా ఒకసారి చదవండి. మనసులో చదివి వేసిన అంచనా ఎప్పుడూ తక్కువే తేలుతుంది. మామూలు అచ్చు పేజీకి రెండు నుంచి మూడు నిమిషాలు పడుతుందనుకుంటే, అరగంటలో పది పదిహేను పేజీలకు మించి సాగవు.

పుస్తకం నుంచి కాక కాగితాల నుంచి చదివేవారు పెద్ద అక్షరాలతో, ఒకవైపు మాత్రమే అచ్చు వేసుకోవాలి, పిన్ను కొట్టకూడదు. విడి కాగితాలైతే చదివినదాన్ని పక్కకు నిశ్శబ్దంగా జరపవచ్చు. పిన్ను కొట్టిన కట్టను ప్రతి రెండు నిమిషాలకూ మైకు ముందు మడిచి తిప్పుతుంటే, ఆ చప్పుడు చివరి వరుసదాకా వినబడుతుంది. వాక్యం పేజీ చివర తెగకుండా, పేరా పూర్తయ్యే చోటే కాగితం ముగిసేలా అమర్చుకోవడం ఇంకా మంచిది.

ఇంకా అచ్చుకాని రచనను చదవమని అడగవచ్చా?

అడగవచ్చు, చాలామంది రచయితలు ఇష్టపడతారు కూడా. రాస్తున్న రచనను సభలో చదివి చూడటం వారికి ఒక పరీక్ష. 1953 మే 3న వేల్స్ కవి డిలన్ థామస్ అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో, అప్పటికి పూర్తికాని తన శ్రవ్య నాటకాన్ని ఒక్కరే చదివి వినిపించారు. అదే నెల 14న న్యూయార్క్‌లో నటులతో కలిసి మళ్ళీ చదివారు.

సభలో చదివితే అది "ప్రచురణ" అయిపోతుందేమోనని కొందరు భయపడతారు. రచయితల హక్కులను కాపాడే అంతర్జాతీయ ఒప్పందమైన బెర్న్ ఒప్పందం 3వ అధికరణం ప్రకారం సాహిత్య రచనను బహిరంగంగా పఠించడం ప్రచురణ కిందకు రాదు. అయితే ఆ పఠనం వీడియోను అంతర్జాలంలో పెడితే, పత్రికలు దాన్ని తమ నియమాల ప్రకారం ముందే బయటికి వచ్చిన రచనగా చూసే వీలుంది. కాబట్టి అచ్చుకాని భాగం మొదలవగానే రికార్డింగు ఆపేయమని రచయిత కోరితే, మారుమాట లేకుండా ఆపాలి.

రచయితను పరిచయం చేసే బాధ్యత నాకిచ్చారు. ఏం మాట్లాడాలి?

మూడు నిమిషాలు మాట్లాడండి. రచయిత పేరు ఎలా పలకాలో వారినే అడిగి తెలుసుకోండి. అవార్డుల జాబితా కరపత్రంలో ఉంటుంది, దాన్ని మళ్ళీ చదవనక్కరలేదు. బదులుగా వారి రచనలో మిమ్మల్ని పట్టుకున్న ఒక విషయాన్ని, ఒక్క చిన్న ఉదాహరణతో చెప్పండి. ఆ ఉదాహరణ రచయిత ఆ రోజు చదవబోయే భాగంలోది కాకుండా చూసుకోండి. కథ ఏమిటో చెప్పకండి. రచయితను పొగడ్తలతో ముంచెత్తితే, వారు మైకు దగ్గరికి వచ్చి మొదటి నిమిషం ఆ పొగడ్తలను కాదనడానికే ఖర్చు పెట్టాల్సి వస్తుంది.

వేదిక మీద మాట్లాడేవాళ్ళు ఒక్కరికి మించి ఉండకూడదని నా దృఢమైన అభిప్రాయం. స్వాగతం ఒకరు, విభాగం గురించి ఒకరు, రచయిత గురించి ఒకరు మాట్లాడిన సభలో రచయిత వంతు వచ్చేసరికి నలభై నిమిషాలు గడిచి, వెనక వరుసల విద్యార్థులు తరవాతి తరగతికి లేచి వెళ్ళిపోవడం నేను చూశాను. ఆ రచయిత చదవాలని తెచ్చుకున్న ఆరు కవితల్లో మూడే చదివి కూర్చున్నారు.

రచయిత రాసేది మాకు రాని భాషలో. సభ ఎలా జరపాలి?

మూలం కూడా వినబడాలి, అనువాదం కూడా అందాలి. కవిత్వమైతే ఒక్కో కవితను ముందు కవి మూలభాషలో, వెంటనే అనువాదకులు అనువాదంలో చదవడం బాగుంటుంది. అర్థం తెలియక ముందు ధ్వనిని మాత్రమే వినే ఆ ఒకటి రెండు నిమిషాలు వృథా కావు. లయ, అంత్యప్రాసలు, గొంతు హెచ్చుతగ్గులు అప్పుడే పూర్తిగా చెవిన పడతాయి. వచనానికి ఈ పద్ధతి సాగదు. రచయిత మూడు నాలుగు నిమిషాలు మూలం చదివి, మిగిలిన భాగమంతా అనువాదకులు చదవాలి.

అనువాద ప్రతులు పంచదలచుకుంటే ఒక్కో కవితను ఒక్కో కాగితానికి ఒకవైపే అచ్చు వేయించండి. లేకపోతే కవి ఒక పాదం దగ్గర ఆగిన క్షణంలో గదంతా ఒక్కసారిగా పేజీ తిప్పుతుంది, ఆ గలగలలో తరవాతి పాదం పోతుంది. కరపత్రంలో అనువాదకుల పేరు రచయిత పేరుతో సమానమైన అక్షరాల్లో ఉండాలి, పారితోషికం కూడా విడిగా ఇవ్వాలి.

వినికిడి లోపం ఉన్నవారు, చక్రాల కుర్చీలో వచ్చేవారు పాల్గొనడానికి ఏం చేయాలి?

ప్రకటనలోనే "ఏ ఏర్పాటు కావాలన్నా తెలియజేయండి" అని ఒక వాక్యం, సంప్రదించవలసిన వివరం, చివరి తేదీ ఇవ్వాలి. సంజ్ఞాభాషా అనువాదకులు కావలసినప్పుడు చదవబోయే భాగాన్ని కొన్ని రోజుల ముందే వారికి పంపాలి. కవితా పంక్తిని అప్పటికప్పుడు సంజ్ఞల్లోకి మార్చడం ఎంత నేర్పరికైనా కష్టం. గంట సభకు ఇద్దరు ఉండి, పదిహేను ఇరవై నిమిషాలకొకసారి మారాలి. వారిమీద వెలుతురు పడేలా, రచయితతో పాటు ఒకే చూపులో కనబడేలా నిలబెట్టాలి.

రచయిత గొంతు పెద్దదైనా మైకు వాడాలి. శ్రవణ యంత్రాలకు ధ్వనిని నేరుగా చేరవేసే లూప్ ఏర్పాటున్న గదుల్లో, మైకులోకి వచ్చిన మాటే ఆ యంత్రాలకు చేరుతుంది. సభలోంచి వచ్చే ప్రశ్నలకు కూడా ఇది వర్తిస్తుంది. చక్రాల కుర్చీల చోటును వెనక మూలలో కాకుండా, స్నేహితులతో కలిసి కూర్చునేలా వరుస మధ్యలో ఉంచండి. వేదికకు కూడా వాలుదారి ఉండాలి, రావలసిన రచయితే చక్రాల కుర్చీలో ఉండవచ్చు.

## సభ జరిగే రోజు

పుస్తకం చదవకుండా రావచ్చా?

నిస్సంకోచంగా రావచ్చు. చాలామంది పఠనం విన్నాకే పుస్తకం పట్టుకుంటారు. ముందుగా కొంత చదివి రావాలనిపిస్తే ఒక కథో నాలుగు కవితలో చాలు.

నేను ఈ విశ్వవిద్యాలయ విద్యార్థిని కాను. లోపలికి రానిస్తారా?

బహిరంగ పఠనం అని ప్రకటించిన సభకు ఎవరైనా రావచ్చు. ప్రవేశద్వారం దగ్గర గుర్తింపు కార్డు అడిగే ప్రాంగణాలుంటాయి కాబట్టి ఒకటి దగ్గర ఉంచుకోండి. నిర్వాహకులు ముందురోజే ద్వారం దగ్గరి సిబ్బందికి సభ పేరు, సమయం, గది రాసి ఇవ్వాలి. ఊరివాళ్ళు రావాలని ప్రకటించి గేటు దగ్గర ఆపేయడం, పిలిచి తలుపు వేయడమే.

ఆలస్యంగా వస్తే? మధ్యలో వెళ్ళవలసి వస్తే?

పఠనం నడుస్తుండగా వస్తే వెనక తలుపు దగ్గర నిలబడి, ఒక కవితకూ ఇంకో కవితకూ మధ్య విరామంలో కూర్చోండి. త్వరగా వెళ్ళవలసినవారు ముందే చివరి కుర్చీ చూసుకోవాలి.

ఒక్కో కవిత అయ్యాక చప్పట్లు కొట్టాలా?

కవి సంకేతమిస్తే కొట్టండి, లేకపోతే చివర ఒక్కసారి చాలు. కొందరు కవులు కవితల మధ్య మౌనాన్ని కావాలనే ఉంచుతారు. ఎటూ తేలకపోతే నిశ్శబ్దమే మేలు: ఒకరిద్దరు మొదలుపెట్టిన చప్పట్లను మిగతావాళ్ళు మొహమాటానికి అందుకుంటే అది ప్రతి కవితకూ తప్పనిసరి తంతుగా మారి, చప్పట్లు తక్కువ పడిన కవిత ఓడిపోయినట్టుగా తయారవుతుంది. నిర్వాహకులు ఆరంభంలో ఒక వాక్యంలో చెబితే ఈ ఇబ్బందే ఉండదు.

మైకు ముందు రచయిత గొంతు సరిగ్గా వినబడాలంటే ఏం చూసుకోవాలి?

సభకు అరగంట ముందు రచయితను వేదిక దగ్గరికి తీసుకువెళ్ళి, "హలో, వన్ టూ త్రీ" అనిపించకుండా, చదవబోయే పేజీలోనే ఒక పేరా చదివించండి. మనుషులు పరీక్షకు మాట్లాడే గొంతు వేరు, పుస్తకం చదివే గొంతు వేరు. చదివేటప్పుడు తల కిందికి వంగుతుంది, స్వరం తగ్గుతుంది. ఎవరైనా ఒకరు చివరి వరుసలో కూర్చుని వినాలి. మైకు నోటికి జానెడు దూరంలో, ఎదురుగా కాకుండా కొద్దిగా పక్కకు ఉండాలి. ప, ఫ, బ, భ పలికేటప్పుడు పెదవుల నుంచి వెలువడే గాలి సూటిగా మైకును తాకితే స్పీకర్లలో "దబ్" మని మోగుతుంది. వత్తులు బాగా పలికే రచయితల విషయంలో ఇది మరీ స్పష్టంగా తెలుస్తుంది.

పుస్తకం పెట్టుకునే బల్ల రచయిత ఎత్తుకు సరిపోవాలి, దాని మీద పేజీని మాత్రమే వెలిగించే దీపం ఉండాలి. నీళ్ళు మూత తిప్పే సీసాలో కాక గ్లాసులో పోసి ఉంచండి. ఒక కవయిత్రి కంఠం పట్టేసి సీసా మూత రాక ఇబ్బంది పడుతుంటే, సభ మొత్తం ఆ మూతనే చూస్తూ కూర్చున్న అరనిమిషం నాకింకా గుర్తుంది.

ఫోనులో ఫొటోలు, వీడియోలు తీసుకోవచ్చా? నోట్సు రాసుకోవచ్చా?

నోట్సు కాగితం మీద హాయిగా రాసుకోండి. ఫొటో కావాలంటే ఆరంభంలో, ఫ్లాష్ లేకుండా ఒకటి రెండు తీసుకుని ఫోను లోపల పెట్టేయండి. వీడియో మాత్రం రచయిత అనుమతి ఉంటేనే. బెర్న్ ఒప్పందం తన రచన బహిరంగ పఠనాన్ని, ఆ పఠనాన్ని ఇతరులకు ప్రసారం చేయడాన్ని అనుమతించే హక్కును రచయితకే ఇస్తుంది. వినడానికి పిలవడం ప్రసారానికి అనుమతించడం కాదు.

## ముఖాముఖిలో

ప్రశ్న ఎలా అడగాలి? తడబడతానేమోనని భయంగా ఉంది.

ఒక వాక్యంలో అడగండి. తడబడితే తప్పేమీ లేదు, రచయితలు తడబాటుకు అలవాటు పడినవాళ్ళే. "మీరు చదివిన భాగంలో తల్లి పాత్ర ఒక్క మాటా మాట్లాడదు, అది ముందే అనుకున్నదా?" లాంటి ప్రశ్న రచయితకు ఆనందం కలిగిస్తుంది, ఎందుకంటే అది విన్నవాళ్ళు మాత్రమే అడగగలిగిన ప్రశ్న. "మీకు ప్రేరణ ఎక్కడి నుంచి వస్తుంది?" అన్నదానికి వారు ఇప్పటికే వందసార్లు జవాబు చెప్పి ఉంటారు. మీ అభిప్రాయాన్ని నాలుగు నిమిషాలు వివరించి చివర "మీరేమంటారు?" అని చేర్చితే అది ప్రశ్న కాదు, ఆ నాలుగు నిమిషాలూ వెనక చెయ్యెత్తి నిలబడిన వేరొకరివి.

ఎవరూ ఏమీ అడగకపోతే సంచాలకులు ఏం చేయాలి?

పదిహేను సెకన్లు ఓపిక పట్టాలి. వేదిక మీద అది చాలా పెద్ద నిశ్శబ్దంలా అనిపిస్తుంది గానీ, కూర్చున్నవాళ్ళకు విన్నదాంట్లోంచి బయటికి రావడానికి ఆ మాత్రం వ్యవధి కావాలి. అప్పటికీ చెయ్యి లేవకపోతే సంచాలకులు సిద్ధం చేసుకున్న ఒక ప్రశ్న తామే అడగాలి. మొదటి ప్రశ్న విద్యార్థి నుంచి రావడం ముఖ్యం: ఆచార్యులు మొదలుపెడితే, ఆ స్థాయిలో అడగలేమని మిగతావాళ్ళు చేతులు దించుకుంటారు. ప్రశ్న మైకులో రాకపోతే సంచాలకులు దాన్ని మైకులో మళ్ళీ చెప్పాలి.

రచయిత అభిప్రాయాలతో నాకు తీవ్రమైన విభేదం ఉంది. సభలో చెప్పవచ్చా?

చెప్పవచ్చు, విశ్వవిద్యాలయం అందుకే ఉంది. పఠనం పూర్తయ్యేదాకా విని, ముఖాముఖిలో ఫలానా వాక్యంతో, ఫలానా కారణంచేత ఒప్పుకోలేకపోతున్నానని అడగండి. పఠనం మధ్యలో అరిచి ఆపేస్తే, మీరు ఖండించదలచిన మాటను మిగతా వందమంది వినకుండా చేసినట్టే, వాళ్ళకు మీతో ఏకీభవించే అవకాశం కూడా పోతుంది. వ్యక్తిగత జీవితం గురించిన ప్రశ్నకు జవాబివ్వకుండా ఉండే స్వేచ్ఛ రచయితకు ఉంది. అలాంటి ప్రశ్న వచ్చినప్పుడు సంచాలకులు వెంటనే కలగజేసుకుని తరవాతి చేతికి అవకాశమివ్వాలి.

నా రాతప్రతిని రచయితకు ఇచ్చి చదవమనవచ్చా?

సభ దగ్గర ఇవ్వకండి. ప్రయాణంలో ఉన్న మనిషి కాదనలేక తీసుకుంటారు, చదవలేక బాధపడతారు. రచయితతో విద్యార్థులకు విడిగా కార్యశాల పెట్టించమని విభాగాన్ని అడగండి. దానికి వేరే పారితోషికం, ముందుగా పంపిన పేజీలు ఉంటాయి.

## పుస్తకాలు, సంతకాలు

పుస్తకాలు ఎవరు అమ్మాలి? ఎన్ని తెప్పించాలి?

రచయిత చేత సంచి మోయించకుండా ఒక పుస్తక విక్రేతతోనో ప్రచురణకర్తతోనో ముందే మాట్లాడి, అమ్ముడుపోనివి తిరిగి తీసుకునే షరతు మీద తెప్పించండి. సభకు వచ్చేవారిలో కొనేవాళ్ళు కొందరే. విద్యార్థుల సభలో ఇంకా తక్కువ. చదివిన పుస్తకం మాత్రం తప్పనిసరిగా బల్ల మీద ఉండాలి, విన్న వెంటనే ఆ పేజీ వెతుక్కోవాలనే కోరిక మరునాటికి ఉండదు.

కొనలేను. గ్రంథాలయం పుస్తకం మీద సంతకం అడగవచ్చా?

గ్రంథాలయ ప్రతి మీద అడగకండి, అది అందరిదీ. మీ నోటుపుస్తకంలో అడగండి, ఏ రచయితా కాదనరు. వరుసలో నిలబడేటప్పుడు మీ పేరు అక్షరక్రమం ఒక చీటీ మీద రాసి పుస్తకంలో పెట్టుకుంటే తప్పు పడదు.

## సభ ముగిశాక

రచయిత సభలో అన్న మాటను నా పరిశోధన వ్యాసంలో ఉటంకించవచ్చా?

తేదీ, స్థలం, సభ పేరు, అది పఠనంలో వచ్చిందా ముఖాముఖిలో వచ్చిందా అన్నది తెలిపి ఉటంకించవచ్చు. ముఖాముఖిలో అప్పటికప్పుడు అన్న మాట విషయంలో రికార్డింగుతో సరిచూసుకోండి. రికార్డింగు లేకపోతే రచయితకు రాసి ధ్రువీకరణ తీసుకోండి. సభలో చదివిన పాఠం అచ్చు పుస్తకంతో తేడాగా ఉంటే అది పొరపాటని తీర్మానించకండి. రచయితలు చదువుతూ చదువుతూ మాటలు మారుస్తారు, ఒక్కోసారి ఆ మార్పు తరవాతి ముద్రణలో కనబడుతుంది. పరిశోధకులకు అది విలువైన ఆధారం.

రికార్డింగును ఏం చేయాలి? విభాగం కంప్యూటరులో ఉంటే చాలదా?

చాలదు. కంప్యూటరు మారినప్పుడో, చూసుకునే అధ్యాపకులు పదవీ విరమణ చేసినప్పుడో అది పోతుంది. నెలలోపే గ్రంథాలయానికి అప్పగించండి. కవుల పఠనాల రికార్డింగులను భద్రపరిచే హార్వర్డ్‌లోని వుడ్‌బెరీ పొయెట్రీ రూమ్ 1931లో మొదలైంది, అరిజోనా విశ్వవిద్యాలయ కవిత్వ కేంద్రం 1960లో మొదలైంది. చదివిన కవులు వెళ్ళిపోయాక కూడా వారి గొంతులు అలాంటి చోట్ల దొరుకుతున్నాయంటే, ఎవరో ఒకరు ప్రతి సభ తరవాతా కూర్చుని వివరాలు రాసి భద్రపరిచారు కాబట్టే.

ఫైలుతో పాటు ఒక పేజీ కాగితం జతచేయండి: రచయిత పేరు, తేదీ, గది, చదివిన రచనల పేర్లు వరుసక్రమంలో, ఒక్కోటి ఏ నిమిషంలో మొదలవుతుందో, పరిచయం చేసినవారు, అనువాదకులు, రచయిత సంతకం చేసిన అనుమతి పత్రం, అందులోని షరతులు. "గ్రంథాలయంలో వినవచ్చు, అంతర్జాలంలో పెట్టకూడదు" అన్నది కూడా ఒక అనుమతే, దాన్ని అలాగే పాటించాలి. ఒక ప్రతిని రచయితకూ పంపండి. ముఖాముఖిలో ప్రశ్నలడిగిన విద్యార్థుల గొంతులు కూడా అందులో ఉంటాయి కాబట్టి, రికార్డు అవుతోందన్న సంగతి సభ మొదట్లోనే అందరికీ చెప్పి ఉండాలి. తన ప్రశ్న తీసేయమని ఎవరైనా అడిగితే ఆ భాగం కత్తిరించాకే గ్రంథాలయానికి ఇవ్వండి.